ఇల్లు మొదలుపెట్టకముందే సర్వేలకు అరవై వేలా? హనుమకొండ దిక్కు పర్మిషన్ తీసుకున్నోళ్లు చెప్పండి

హసన్‌పర్తి_ప్లాటు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హసన్‌పర్తి దగ్గర మా నాయిన 2007ల కొన్న ప్లాటు ఉన్నది. కాగితం మీద 267 గజాలు, 40 ఇంటు 60. అప్పటి గ్రామపంచాయతీ లేఅవుటు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ) ఫీజు 2025ల 25 శాతం రాయితీ ఉన్నప్పుడు కట్టేసినం. ఇప్పుడు కింద అమ్మానాయినలకు, పైన మాకు, రెండంతస్తులు వేద్దామనుకుంటున్నం.

పర్మిషన్ పని చూసిపెడతమన్న ఒక కన్సల్టెంటు నిన్న లెక్క పంపిండు. డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతోటి కొలిచే మిషన్) హద్దుల సర్వే 18 వేలు. కాంటూర్ (నేల ఎత్తుపల్లాల) సర్వే 9 వేలు. రెండు బోర్లు వేసి మట్టి పరీక్ష 24 వేలు. మొత్తం 51 వేలు, మీద 18 శాతం జీఎస్టీ 9,180. అంటే 60,180 రూపాయలు. ప్లాన్ గీసే ఫీజు, మున్సిపల్ చార్జీలు ఇందులో లేవు. "ఇవన్నీ లేకపోతె ఫైలు కదలదు" అన్నడు.

నాయిన రిటైరయినంక వచ్చిన పైసలతోటి కడుతున్న ఇల్లు. అవసరమున్నకాడ పెట్టడానికి వెనకకు పోను. కాని ఏది అవసరమో, ఏది కాదో నాకు తెలుస్తలేదు. మీరు ఏమేం చేయించిండ్రు, ఎంతయింది, జర చెప్పండి.

కోరుట్ల_దుబాయ్ | ఆదివారం, రాత్రి 10:05

అన్నా, పైసలు ఇయ్యకు ఇంకా. నా సంగతి చెప్త. నేను దుబాయ్‌ల ఉంట, కోరుట్లల ప్లాటు. కొన్నప్పుడు సర్వే అని 8 వేలు పంపిన. బ్యాంకు లోనుకు మళ్ల సర్వే కావాలన్నరు, 7 వేలు. పర్మిషనప్పుడు మూడోసారి, 10 వేలు. ఒకటే ప్లాటు, మూడుసార్లు కొలిచిండ్రు, 25 వేలు పోయినయ్. ఇంతజేసి నా చేతిలకు వచ్చింది ఏందంటే వాట్సాప్‌ల ఒక ఫొటో. సంతకం లేదు, తారీకు లేదు. మూడో సర్వే చేసినాయనకు మొదటి ఇద్దరి కాగితాలు చూపిద్దామంటే చూపెట్టడానికి ఏమీ లేదు.

కొలిచినోని దగ్గర డ్రాయింగు ఫైలు, కోఆర్డినేట్లు, లైసెన్సు నంబరుతోటి సంతకం, ఈ మూడూ తీసుకున్నంకనే ఆఖరి పైసలు ఇయ్యి.

స్కేలు_పెన్సిలు | ఆదివారం, రాత్రి 11:31

నేను హనుమకొండలో లైసెన్స్‌డ్ ఇంజనీరుని, పదకొండేళ్ల నుంచి ప్లాన్లు గీస్తున్న. మీ లెక్క చూస్తే బాధనిపించింది.

ముందు మీ ప్లాటు ఏ వరుసలోకి వస్తదో చూడండి. 2020 టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తది. అంతకు మించితే సింగిల్ విండో, 21 రోజుల గడువు. ఆన్‌లైన్ దరఖాస్తు అప్పట్లో టీఎస్‌బీపాస్‌లో, ఇప్పుడు బిల్డ్‌నౌలో. మీ 267 గజాలంటే 223 చదరపు మీటర్లు. రెండంతస్తులు. అంటే మీది స్వీయ ధ్రువీకరణ కేసు.

కాంటూర్ సర్వే మీకెందుకు? అది లేఅవుట్లకు, పెద్ద అపార్టుమెంట్లకు, గుట్ట వాలు మీద కట్టేవాళ్లకు. 40 ఇంటు 60 ప్లాటులో ఎత్తుపల్లాలు మేస్త్రీ నీళ్ల పైపు పట్టుకొని చెప్తడు. ఆ 9 వేలు కొట్టేయండి.

మట్టి పరీక్ష సంగతి వేరు. ఇంత చిన్న ఇంటికి నేను పెట్టిన ఫైళ్లలో మట్టి రిపోర్టు కావాలని ఎవరూ ఆపలేదు. కాని ఫైలు కోసం వద్దన్నంత మాత్రాన పునాది కోసం వద్దని కాదు. మీ దగ్గర నేల ఏంది? చెల్కనా (ఎర్ర నేల), రేగడా (నల్లమట్టి)? అది చెప్పండి, తర్వాత మాట్లాడుదాం.

హద్దుల సర్వే మాత్రం మానకండి. స్వీయ ధ్రువీకరణ అంటే కొలతలు కరెక్టేనని సంతకం పెట్టేది మీరు. అనుమతి వచ్చినంక 21 రోజుల్లో వచ్చి చూస్తరు. చెప్పింది ఒకటి, ఉన్నది ఒకటి అయితే నోటీసు లేకుండా కూలగొట్టే అధికారం ఆ చట్టంలోనే ఉన్నది. ఈ మాట కన్సల్టెంట్లు మీకు చెప్పరు.

వేయిస్తంభాల_గల్లీ | సోమవారం, ఉదయం 6:48

నాది వేరే రకం బాధ, అయినా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. మా పుట్టిల్లు హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర. పాత పెంకుటిల్లు కూల్చి కట్టుకుందామని ముందు మట్టి పరీక్ష చేయించాం, 15 వేలు. ప్లాను కూడా గీయించాం. ఆ తర్వాత తెలిసింది, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం కదా, చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కడ ఉన్న ఇంటికి మరమ్మతులే తప్ప కొత్త కట్టడం ఉండదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ కట్టాలంటే వాళ్ల ఎన్‌ఓసీ ఉండాలి. 2010 సవరణ చట్టంతో ఇవి గట్టిగా వచ్చాయి. వరంగల్ కోట చుట్టూ ఉండేవాళ్లకూ ఇదే.

మేము గుడి మెట్ల దగ్గర నుంచి టేపు పెట్టి కొలుచుకుని 130 మీటర్లు ఉందని ధైర్యంగా ఉన్నాం. కానీ దూరం లెక్కించేది రక్షిత స్థలం హద్దు నుంచి. అలా కొలిస్తే మాది నూరు మీటర్ల గీతకు అటూ ఇటూగా వచ్చింది. మళ్లీ ఒక సర్వే, మళ్లీ ఖర్చు. చివరికి వెనక రెండు గదులు మరమ్మతు చేసుకుని ఊరుకున్నాం. అమ్మ కొత్త వంటగది చూడాలనుకుంది.

దయచేసి ఏ పరీక్షకైనా డబ్బు కట్టేముందు మీ స్థలానికి ఏ గీత తగులుతుందో తెలుసుకోండి. గుడి గీతా, చెరువు గీతా, మాస్టర్ ప్లాన్ రోడ్డు గీతా. ఆ పని మొదటి వారంలో అయిపోవాలి.

మత్తడి | సోమవారం, ఉదయం 8:20

గల్లీ అక్క చెప్పిన దాంట్ల చెరువు గీత గురించి నేను చెప్త. నీటిపారుదల పనుల్లో ఇరవై ఏండ్లు తిరిగినోణ్ని.

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) అంటే చాలామంది వానకాలం నీళ్లు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా అనుకుంటరు. కాదు. మత్తడి (చెరువు అలుగు) పైమట్టానికి నీళ్లు నిండి, ఇగ దుంకుతదన్న స్థితిల నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటయో అది ఎఫ్‌టీఎల్. 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలకు జర తక్కువ, అంతకు పెద్ద చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు బఫర్. అంతకు చిన్న కుంటలైతే 9 మీటర్లు. వాగు, నాలా 10 మీటర్ల కన్న వెడల్పుంటే 9 మీటర్లు, లోపుంటే 2 మీటర్లు. 2012ల వచ్చిన 168 జీవోల ఉన్నయ్ ఇవన్నీ.

తమ్ముడూ, మీ ప్లాటు హసన్‌పర్తి అంటున్నవు. చెరువుకు ఎంత దూరం? కట్ట కిందనా, శిఖం దిక్కా, అంటే నీళ్లు నిలిచే దిక్కా? కట్ట కింద అయితే ఎఫ్‌టీఎల్ బాధ లేదు గాని మత్తడి వాగు బాధ ఉంటది. శిఖం దిక్కయితే పైసా ఖర్చు పెట్టకముందే ఇరిగేషన్ ఆఫీసుల మ్యాపు చూపియ్యమని అడుగు. మ్యాపు స్పష్టంగా లేకుంటే మత్తడి మట్టం నుంచి లెవెల్ మిషన్ పట్టుకొని నీ ప్లాటుదాకా వస్తే అరపూట పని. దానికి డీజీపీఎస్ అక్కర్లేదు.

2020 ఆగస్టుల హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు నేను నయీంనగర్ నాలా దిక్కు డ్యూటీల ఉన్న. ఇండ్లల్ల నడుం లోతు నీళ్లు. 2023 జూలైల మళ్ల అదే. ఆ ఇండ్లు కట్టినోళ్లల్ల చాలామంది కడుపు కట్టుకొని కట్టినోళ్లే. లెవెల్ చూసేటోడు ఒక్కడు వచ్చి ఉంటే చెప్పేటోడు.

కరీంనగర్_సామాన్యుడు | సోమవారం, మధ్యాహ్నం 1:37

అందరూ ఏ సర్వే చేయించాలో చెప్తున్నారు. అసలు మనమెందుకు కట్టాలి అని ఎవరూ అడగరు. చెరువు ప్రభుత్వానిది, దాని గీత ప్రభుత్వం దగ్గర ఉండాలి. సర్వే నంబరు హద్దు ప్రభుత్వం కొలిచి రాళ్లు పాతింది, ఆ నక్ష ప్రభుత్వం దగ్గరుంది. మాస్టర్ ప్లాన్ గీసింది ప్రభుత్వమే. వాళ్ల దగ్గరున్న సమాచారాన్ని మేము పైసలు పెట్టి మళ్లీ తయారుచేసి వాళ్లకే ఇయ్యాలి. హైదరాబాద్ చుట్టూ చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇక్కడ ప్రతి చెరువుకూ అట్ల పెడితే వేల కుటుంబాలకు తలా పదివేలు మిగులుతయ్. ఇది దయ కాదు, మన హక్కు.

పాత_గొలుసు | సోమవారం, సాయంత్రం 5:55

భూమి కొలతల శాఖలో ముప్పై మూడేళ్లు చేసి దిగిన మనిషిని. కరీంనగర్ బాబు చెప్పింది న్యాయమే. కాని నక్ష ఆన్‌లైన్‌లో పెట్టినంత మాత్రాన హద్దు దొరకదు, ఎందుకో చెప్తాను.

మన తెలంగాణ టిప్పన్లలో, అంటే పాత భూమి కొలతల పటాల్లో, కొలతలు నిజాం కాలపు గొలుసుల్లో, అణాల్లో ఉంటాయి. గొలుసు అంటే 33 అడుగులు. దాన్ని 16 భాగాలు చేస్తే ఒక్కోటి ఒక అణా. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే అది గుంట, 121 గజాలు. గుంటలు నలభై అయితే ఎకరం. అప్పట్లో అణా కంటే సన్నగా చూడాల్సిన అవసరం రాలేదు, జొన్నచేనుకు అంత లెక్క చాలు. అణా అంటే రెండడుగుల పైచిలుకు బాబూ! చేనులో రెండడుగులంటే గట్టు. ప్లాటులో రెండడుగులంటే గోడ, గోడంటే కోర్టు.

అందుకని హసన్‌పర్తి బాబుకు నా ప్రశ్న ఒకటే. మీ ప్లాటు లేఅవుటు నడుమ ఉన్నదా, అంచున ఉన్నదా? నడుమ అయితే నాలుగు దిక్కులా ప్లాట్లే, రోడ్డు నుంచి కొలిస్తే తేలిపోతుంది. మామూలు టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే మిషన్) చాలు. అంచున ఉండి, పక్కది వేరే సర్వే నంబరు అయితే కథ వేరు. అప్పుడు ప్రైవేటు సర్వే ఎంత ఖరీదైనదైనా పక్కవాడు ఒప్పుకోడు. మీ సేవలో దరఖాస్తు పెట్టి మండల సర్వేయర్‌తో కొలిపించండి. చుట్టుపక్కల వాళ్లకు నోటీసు ఇచ్చి, వాళ్ల ముందు కొలిచి, పంచనామా రాస్తారు. ఫీజు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఆ కాగితానికి ఉండే బలం వేరే దేనికీ ఉండదు.

డీజీపీఎస్ మంచి మిషనే. సెంటీమీటర్ల లెక్కన మీరు నిలబడ్డ చోటు చెప్తుంది. కాని ఏ రాయి నుంచి మొదలుపెట్టాలో అది చెప్పదు. మూడు సర్వే నంబర్లు కలిసే చోట రాయి ఉందో, జేసీబీ ఎత్తుకుపోయిందో మనిషి వెతకాలి. నేను గడ్డపారతో తవ్వి రాళ్లు తీసిన రోజులున్నాయి. పైన మూడడుగుల మొరం పోసినా కింద రాయి అట్లనే ఉండేది.

హసన్‌పర్తి_ప్లాటు | సోమవారం, రాత్రి 9:40

ఇంతమంది ఇంత ఓపికగ రాస్తరనుకోలే. అందరికీ దండాలు. అడిగినవాటికి జవాబులు: చెరువు మాకు కిలోమీటరున్నర దూరం, మేము కట్ట కింది దిక్కు. మత్తడి వాగు మా దిక్కు రాదు. ప్లాటు లేఅవుటు ఆఖరి వరుస, ఉత్తరాన వేరే సర్వే నంబరు. అక్కడ ఇదివరకు పత్తి పెట్టేది, రెండేండ్ల కింద కొన్నాయన ప్రహరీ కట్టిండు. నేల నల్లమట్టి. ఎండకాలం నెర్రెలు వడ్తది, చెయ్యి పడుతది అందుల.

పెద్దసారూ, మీరు అంచునా అని అడిగేసరికి నాకు భయమైంది.

రేగడి_పునాది | సోమవారం, రాత్రి 10:26

నెర్రెలల్ల చెయ్యి పడుతదంటే అది రేగడే తమ్ముడూ. నేను హుజూరాబాద్, పరకాల దిక్కు ముప్పై ఏండ్ల నుంచి మేస్త్రీ పని చేస్తున్న. రేగడిల మామూలు పునాది వేసిన ఇండ్లు చూసిన. రెండు వానకాలాలకు కిటికీ మూలల నుంచి గోడ మీదికి చీలిక. తలుపులు పట్టవు. వాననీళ్లకు ఆ మట్టి ఉబ్బుతది, ఎండకు కుంచించుకపోతది, ఇల్లు దాంతోపాటు లేస్తది, దిగుతది.

బోర్లు వేసేముందు జేసీబీ పిలిపించి ప్లాటుల ఒక మూలకు గుంత తవ్విపియ్యి. ఎనిమిది, తొమ్మిది అడుగులు. గంట పని. రేగడి ఎన్ని అడుగులున్నది, కింద మొరం తగులుతదా, కంటికే కనవడ్తది. వరంగల్ దిక్కు చాలాచోట్ల రేగడి కింద తొందర్నే మొరమో రాయో తగులుతది. గుంత ఇల్లు వచ్చే చోట తవ్వకు, మళ్ల నింపినకాడ మట్టి గట్టిపడదు. సెట్‌బ్యాక్ దిక్కు, అంటే హద్దుకు ఇంటికి నడుమ వదిలే జాగల తవ్వు.

స్కేలు_పెన్సిలు | మంగళవారం, ఉదయం 7:15

మేస్త్రీ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఆ గుంతలో మూడు లోతుల నుంచి మట్టి సంచుల్లో తీసి ల్యాబుకు ఇవ్వండి. ఫ్రీ స్వెల్ పరీక్ష చేస్తే ఎంత ఉబ్బుతదో తెలుస్తది, ఖర్చు తక్కువ. ప్రైవేటు ల్యాబులు ఉన్నయ్. పెద్ద పనులకు నిట్ సివిల్ విభాగం కూడా కన్సల్టెన్సీ కింద పరీక్షలు చేస్తది.

మొరం ఆరేడు అడుగుల్లో తగిలితే పునాది దాని మీదికి దించేయండి. పది అడుగులు తవ్వినా రేగడే అయితే అప్పుడు బోరు వేయించి, అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాది స్తంభాలు) గురించి స్ట్రక్చరల్ ఇంజనీరును అడగండి. ఆ పరిస్థితిలో 24 వేలు ఎక్కువ కాదు, అది ఇంటి ప్రాణం. నాకు కోపం వచ్చింది ఆ ధర మీద కాదు, గుంత తవ్వకుండానే రెండు బోర్లు రాయడం మీద.

ఇంకో సంగతి. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) నుంచో కార్పొరేషన్ నుంచో మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉన్నదో, ముందు రోడ్డు ఎంత వెడల్పు చూపించారో రాయించుకోండి. రోడ్డు వెడల్పులో జాగా పోతే సెట్‌బ్యాక్ మిగిలిన దాంట్లోంచి లెక్క కట్టాలి. ప్లాన్ గీసినంక ఇది తెలిస్తే మొత్తం మళ్లీ గీయాలి.

వేయిస్తంభాల_గల్లీ | మంగళవారం, ఉదయం 9:02

తమ్ముడూ, ఉత్తరం దిక్కు ప్రహరీ ఆయనతో ఇప్పుడే గొడవ పెట్టుకోకండి. ముందే చెప్పి, కొలిచే రోజు ఆయన్ను కూడా రమ్మనండి. చాయ్ తాగించండి. మా గల్లీలో చెప్పకుండా కొలిపించి ఏడేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములున్నారు.

హసన్‌పర్తి_ప్లాటు | నెలా పది రోజుల తర్వాత, శనివారం, రాత్రి 8:50

ఎవరైనా ఇదే వెతుక్కుంట వస్తే పనికొస్తదని పూర్తిగ రాస్తున్న.

మాస్టర్ ప్లాన్ చూయించుకున్న. నివాస జోనే, ముందు రోడ్డు 30 అడుగులే, జాగా పోదు. మీ సేవల దరఖాస్తు పెడితే మండల సర్వేయర్ 26వ రోజు వచ్చిండు. అంతకు ముందే ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్‌తోటి టోటల్ స్టేషన్ పెట్టి కొలిపించిన, 6 వేలు, డ్రాయింగు ఫైలు, సంతకం అన్నీ తీసుకున్న, కోరుట్ల అన్న చెప్పినట్టే. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది. 40 అడుగుల ముఖం 38 అడుగులే ఉన్నది. లోపలిదాకా 60 అడుగులు అట్లనే. అంటే 2,280 చదరపు అడుగులు, 253 గజాలు. పద్నాలుగు గజాలు దగ్గర దగ్గర లేవు. పెద్దసారు చెప్పిన అణా సరిగ్గ మా ఉత్తరం గోడకాడ దొరికింది.

గుంత జేసీబీకి 1,200. ఐదడుగుల దాక రేగడి, కింద ఎర్ర మొరం. ల్యాబు 2,500. మట్టి బాగనే ఉబ్బుతదన్నరు, పునాది ఏడడుగులకు దించుమన్నరు. బోర్లు అక్కర్లేదన్నడు ఇంజనీరు. మీ సేవ ఫీజు పక్కన పెడితే మొత్తం 9,700.

ఆ కన్సల్టెంటు గీసిచ్చిన మొదటి ప్లాను 40 అడుగులకే గీసి ఉన్నది. దాని మీద నేను సంతకం పెట్టేటోణ్ని.

పాత_గొలుసు | శనివారం, రాత్రి 9:33

పంచనామా మీద ఉత్తరం ఆయన సంతకం ఉన్నదా బాబూ?

హసన్‌పర్తి_ప్లాటు | శనివారం, రాత్రి 9:41

ఉన్నది సార్. ముందురోజే ఇంటికి పోయి చెప్పొచ్చిన, కొలిచే రోజు పొద్దున్నే వచ్చి నిలబడ్డడు. ఆయన కూడ రాయి ఏడున్నదో తెల్వకనే కట్టిండట. గోడ కూలగొట్టుమని అడగబుద్ధి కాలేదు, ఆయన పిల్లలు చిన్నోళ్లు. రెండడుగులకు రిజిస్ట్రేషన్ విలువ లెక్కన పైసలు ఇస్తనంటున్నడు. నాయిన మాత్రం జాగానే కావాలంటున్నడు. ఇంకా మాట్లాడుతున్నం. ప్లాను మాత్రం 38 అడుగులకే గీయించి పెట్టినం, అనుమతి నిన్ననే వచ్చింది.

పాత_గొలుసు | శనివారం, రాత్రి 9:58

పైసలు తీసుకున్నా, జాగా తీసుకున్నా, తెల్ల కాగితం మీద వద్దు. రిజిస్టర్ చేయించండి. పునాది తవ్వే లోపల ఆ ఉత్తరం మూలలో కొత్త రాయి పాతించి, పంచనామా నకలు నాయిన దస్తావేజు వెనక పెట్టండి. రాయి చుట్టూ సిమెంటు పోయించండి, ఈసారి జేసీబీకి దొరకకుండా.